వైరల్ జ్వరం తగ్గాక పిల్లల తీరు మారితే ఏం చేయాలి

పిల్లవాడికి జ్వరం దిగి వారం దాటింది. ఒంట్లో వేడి లేదు, దగ్గు లేదు. కానీ రాత్రంతా మేలుకొని గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు, పెట్టిన తిండిలో ఎవరో ఏదో కలిపారని అనుమానిస్తున్నాడు. ఇంకో ఇంట్లో, గలగలా మాట్లాడే అమ్మాయి మూడు రోజులుగా నోరు విప్పడం లేదు. ఒకే చోట కూర్చుని ఒకే వైపు చూస్తోంది. మరో ఇంట్లో ఇంత భయపెట్టేదేమీ లేదు. జ్వరం వచ్చి రెండు నెలలైనా కుర్రవాడు పుస్తకం తెరవలేకపోతున్నాడు, చిన్న మాటకే కళ్లనీళ్లు పెట్టుకుంటున్నాడు.

ఇలాంటప్పుడు చుట్టూ రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "జ్వరం వచ్చిన నీరసం, అదే సర్దుకుంటుంది" అనేది ఒకటి. "చదువు ఒత్తిడి, మనసు చెదిరింది" అనేది రెండోది. రెండూ నిజమయ్యే సందర్భాలున్నాయి. అయితే ఏది నిజమో చూడకుండా ఏదో ఒకదానితో సరిపెట్టుకోవడం వల్లే నష్టం జరుగుతుంది. మెదడువాపును మానసిక సమస్యగా పొరబడి విలువైన రోజులు పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి. నిజమైన కుంగుబాటును నీరసమని కొట్టిపారేసి, పిల్లలను ఆ చీకటిలో ఒంటరిగా వదిలేసిన కుటుంబాలూ ఉన్నాయి.

పదేళ్ల నుంచి పాతికేళ్ల లోపు వయసు వారిని కనిపెట్టుకొని ఉండే తల్లిదండ్రుల కోసం, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల కోసం, వసతిగృహంలో పక్క మంచం మీద పడుకునే స్నేహితుల కోసం ఇది రాస్తున్నాను. జబ్బును ఇంట్లో తేల్చేయడం దీని ఉద్దేశం కాదు. ఎంత తొందరగా, ఎవరి దగ్గరికి, ఏ సమాచారం పట్టుకొని వెళ్లాలో తెలియాలి. ఆసుపత్రిలో స్కానింగ్ యంత్రాలు ఉంటాయి. కానీ ఈ పిల్ల నెల కిందట ఎలా మాట్లాడేదో, ఎంతసేపు నిద్రపోయేదో, దేనికి నవ్వేదో అక్కడ ఎవరికీ తెలియదు. అది తెలిసింది మీకే. వైద్యులకు ఇంకెక్కడా దొరకని ఆధారం అది.

మొదటి పని: ఈ రోజే ఆసుపత్రికి వెళ్లాలా అన్నది తేల్చుకోండి

మిగతావన్నీ దీని తర్వాతే. కింద చెప్పిన వాటిలో ఒక్కటి కనిపించినా రేపటిదాకా ఆగవద్దు. న్యూరాలజిస్టు అందుబాటులో ఉండే పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి.

జ్వరంతో పాటు, లేదా జ్వరం తగ్గిన కొద్ది రోజులకే, ప్రవర్తన వింతగా మారడం. ఉన్న చోటు, రోజు, ఎదురుగా ఉన్న మనిషి ఎవరో పోల్చుకోలేకపోవడం. లేపినా పూర్తిగా తెలివిరాని మగత. ఫిట్స్. మాట తడబడటం, పదాలు దొరక్కపోవడం. ఒక పక్క చెయ్యి, కాలు బలహీనపడటం. విపరీతమైన తలనొప్పితో మెడ బిగుసుకుపోవడం. ఆగని వాంతులు. నోరు, నాలుక, చేతులు తమంతట తామే కదులుతూ ఉండటం. బొమ్మలా బిగుసుకుపోయి, తినక, తాగక, పలకక కూర్చోవడం. చనిపోతాననడం, లేదా అందుకు సిద్ధమవుతున్న సూచనలు. ఇటీవల కాకపోయినా, కొన్ని నెలల కిందటైనా కుక్క లేదా మరో జంతువు కరిచి, ఇప్పుడు నీళ్లు చూస్తే భయపడటం, తాగబోతే గొంతు పట్టేయడం.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, వీటిలో కొన్నింటికి గంటలు కూడా లెక్కే. హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్ పెదవి మీద పొక్కులు తెచ్చేదిగానే చాలామందికి తెలుసు. అరుదుగా అదే మెదడుకు చేరుతుంది. ఎక్కువగా దెబ్బతీసేది కణతల వైపు ఉండే భాగాన్ని. జ్ఞాపకం, భావోద్వేగం, మాట అక్కడే ముడిపడి ఉంటాయి కాబట్టి మొదట కనిపించేది విపరీత ప్రవర్తన కావచ్చు. మందు వేయకపోతే ఈ రోగుల్లో దాదాపు 70 శాతం మంది చనిపోతారు. అసైక్లోవిర్ అనే మందు నరంలోకి ఎక్కిస్తే ఆ సంఖ్య బాగా తగ్గుతుంది, అదీ ఎంత ముందు మొదలైతే అంత మేలు. అందుకే అనుమానం బలంగా ఉంటే పరీక్ష ఫలితం రాకముందే వైద్యులు ఈ మందు మొదలుపెడతారు. "ఇంకా జబ్బేమిటో తెలియకుండా మందు ఎందుకు" అని మీరు అడ్డుపడవద్దు.

ఇంకో ప్రశ్న కూడా మీరే గుర్తుచేసుకోండి. ఫ్లూ వచ్చినప్పుడో, ఆటలమ్మ పోసినప్పుడో పిల్లలకు ఆస్పిరిన్ బిళ్ల వేశారా? అలా వేసిన కొందరిలో రై సిండ్రోమ్ అనే అరుదైన జబ్బు వస్తుంది. కాలేయం, మెదడు రెండూ దెబ్బతింటాయి. జ్వరం తగ్గుతోందనుకునే సమయంలో ఆగని వాంతులు, తర్వాత చిరాకు, తికమక, మగత మొదలవుతాయి. జ్వరానికి పిల్లలకు, కౌమారంలో ఉన్నవారికి ఆస్పిరిన్ వద్దనేది ఇందుకే.

బయలుదేరేలోగా ఒక మనిషి ఎప్పుడూ పక్కనే ఉండాలి. కిటికీలు, మేడ మీదికి వెళ్లే తలుపులు మూసి ఉంచండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, గడియారం చూడండి, నోట్లో చెంచా కానీ వేలు కానీ ఏదీ పెట్టవద్దు. తికమకగా ఉన్నవారికి బలవంతంగా నీళ్లు తాగించవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇంట్లో ఉన్న నిద్రమాత్ర వేసి పడుకోబెట్టడం అసలే వద్దు. వైద్యులు చూడాల్సిన లక్షణాన్నే అది కప్పేస్తుంది.

రెండో పని: తేదీలు రాయండి

పై లక్షణాలేవీ లేకపోతే ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఉన్నా సరే, ఒకరు ఆసుపత్రిలో ఉండగా ఇంకొకరు ఈ పని చేయవచ్చు. జ్వరం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు తగ్గింది, ఒంటి మీద దద్దుర్లు వచ్చాయా, పరీక్షలో ఏ వైరస్ అని తేలింది, నిద్ర ఏ రోజు నుంచి చెడింది, మొదటి వింత మాట ఏ రోజు అన్నారు. తేదీ గుర్తులేకపోతే "పరీక్షకు ముందు రోజు", "బంధువులు వచ్చిన రోజు" అని రాసినా చాలు. ఫోను తెరిస్తే ఆ రోజుల సందేశాలు, ఫొటోలు చాలా వరకు దారి చూపిస్తాయి.

తేదీల మీద ఇంత పట్టుదల ఎందుకంటే, జ్వరానికీ మనసు మార్పుకూ మధ్య ఎంత ఎడం ఉందన్నదే చాలాసార్లు కారణం ఎక్కడ వెతకాలో చెబుతుంది.

జ్వరం తీవ్రంగా ఉన్నప్పుడే వచ్చే తికమకను మన పెద్దవాళ్లు సంధి అనేవారు. అది పగలు తగ్గి రాత్రి పెరుగుతుంది. గంటకో తీరుగా ఉంటుంది. లేనివి కళ్లకు కనిపిస్తాయి. ధ్యాస నిలవదు. వారం రోజుల పేర్లు వెనక నుంచి చెప్పమనండి. మామూలుగా చెప్పగలిగే వయసు పిల్లలు సంధిలో మధ్యలోనే దారి తప్పుతారు. మానసిక వ్యాధి మొదలవుతున్నప్పుడు సాధారణంగా దీనికి భిన్నంగా ఉంటుంది. ఎక్కడున్నారో, ఏ రోజో తెలుస్తూనే ఉంటుంది. కనిపించడం కంటే వినిపించడం ఎక్కువ. అనుమానాలు ఒకదాని మీద ఒకటి అల్లుకుంటాయి. ఈ తేడా ఇంట్లో జబ్బు తేల్చడానికి కాదు, చూసింది చూసినట్టు వైద్యులకు చెప్పడానికి పనికొస్తుంది. సంధి అనిపిస్తే అది శరీరం ఇచ్చే హెచ్చరిక, ఆ రోజే చూపించాలి.

హెర్పిస్ మెదడువాపు తగ్గి ఇంటికి వచ్చిన తర్వాత, కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల లోపు, మళ్లీ తీరు మారితే మరింత జాగ్రత్త పడండి. వైరస్ పోయినా, దానితో పోరాడిన రోగనిరోధక వ్యవస్థ మెదడు కణాల మీదకే తిరగబడటం జరుగుతుంది. ఆ రోగుల్లో సుమారు నాలుగో వంతు మందిలో ఇలా జరుగుతుందని ఇప్పుడు తెలుసు. చిన్నపిల్లల్లో ఇది ఆగని చేతుల, కాళ్ల కదలికలుగా, పెద్దపిల్లల్లో, యువతలో ఎక్కువగా మానసిక లక్షణాలుగా బయటపడుతుంది. "పాత జబ్బే మిగిలి ఉంది" అని వదిలేస్తే మందు ఉన్న జబ్బును వదిలేసినట్టే.

జపనీస్ ఎన్‌సెఫలైటిస్ దారి వేరు. ఆ మెదడువాపు నుంచి ప్రాణాలతో బయటపడినవారిలో 30 నుంచి 50 శాతం మందికి నరాల, బుద్ధి లేదా మానసిక లోపాలు మిగిలిపోతాయి. కోపం ఆపుకోలేకపోవడం, చదివింది నిలవకపోవడం వంటివి పిల్లల మొండితనంగా కనిపిస్తాయి. దెబ్బలాడే ముందు ఆ పాత జబ్బును గుర్తుచేసుకోండి.

అన్నింటికంటే పెద్ద ఎడం తట్టుది. రెండేళ్ల లోపు తట్టు వచ్చిన పిల్లల్లో అతి కొద్దిమందికి, ఏడు నుంచి పదేళ్ల తర్వాత, ఆ వైరస్ వల్ల మెదడు నెమ్మదిగా క్షీణించే వ్యాధి వస్తుంది. మార్కులు తగ్గడం, మతిమరుపు, స్వభావం మారడం మొదట కనిపిస్తాయి. తర్వాత ఒళ్లు ఉలిక్కిపడినట్టు పదేపదే జెర్కులు వస్తాయి. అందుకే వైద్యులు "చిన్నప్పుడు తట్టు పోసిందా, టీకా వేయించారా" అని అడిగితే అదేదో సంబంధం లేని ప్రశ్న అనుకోకండి. ఆ టీకా కార్డు దొరికితే నోటుపుస్తకంలోనే పెట్టుకోండి.

రాతతో పాటు ఫోనులో చిన్న వీడియో తీసి ఉంచండి. వింత కదలికలు, నిద్రలో తీరు, మాట్లాడే పద్ధతి వైద్యుడి ముందు అరగంటలో కనిపించకపోవచ్చు. అయితే ఆ వీడియో వైద్యులకు తప్ప ఇంకెవరికీ వెళ్లకూడదు. బంధువుల వాట్సాప్ బృందంలో పడిన వీడియో, పిల్ల కోలుకున్న తర్వాత కూడా ఆమెను వెంటాడుతుంది.

మూడో పని: వేసిన మందులన్నీ ఒక సంచిలో వేయండి

జ్వరానికి, దగ్గుకు, దురదకు వేసిన ప్రతి బిళ్ల, ప్రతి సీసా, చీటీతో సహా. మనసు మార్పు వైరస్ వల్ల కాక మందు వల్ల వచ్చే అవకాశం తక్కువేమీ కాదు. స్టెరాయిడ్ మాత్రలు ఎక్కువ మోతాదులో వేసినప్పుడు నిద్రపట్టకపోవడం, అతి హుషారు, కోపం, ఒక్కోసారి భ్రమలు కూడా వస్తాయి. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 40 మిల్లీగ్రాములు దాటినప్పుడు ఈ ముప్పు స్పష్టంగా పెరుగుతుంది. కొన్ని దగ్గు మందులు, మత్తు తెచ్చే పాత రకం అలర్జీ బిళ్లలు మోతాదు మించితే తికమక తెస్తాయి. మూత్రపిండాలు సరిగా పనిచేయనివారిలో అసైక్లోవిర్ కూడా అంతే. స్టెరాయిడ్ కారణం అనిపించినా మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపవద్దు. చాలా రోజులు వాడినవారిలో అకస్మాత్తుగా ఆపడం మరో ప్రమాదం.

ఫ్లూకు వాడే ఒసెల్టామివిర్ కథ ఇక్కడ చెప్పుకోవాలి. ఆ మందు వేసుకున్న కొందరు కౌమార వయసు పిల్లలు వింతగా ప్రవర్తించి, ఎత్తు నుంచి దూకి చనిపోవడంతో జపాన్ 2007లో 10 నుంచి 19 ఏళ్ల వారికి దాని వాడకాన్ని చాలావరకు ఆపించింది. తర్వాతి పరిశీలనలో, మందు వేసుకోని ఫ్లూ రోగుల్లో కూడా అలాంటి ప్రవర్తన కనిపిస్తోందని తేలింది. 2018లో ఆ ఆంక్ష ఎత్తేశారు. కానీ అక్కడి జాగ్రత్త మాత్రం మిగిలింది, మనమూ పాటించదగ్గదే. ఫ్లూ జ్వరం మొదలైన తొలి రెండు రోజులు, మందు వేసినా వేయకపోయినా, పిల్లలను ఒంటరిగా వదలకూడదు. వీలైతే నేల అంతస్తులో పడుకోబెట్టాలి.

గంజాయి, మద్యం, స్నేహితులు ఇచ్చిన మాత్రలు. ఈ ప్రశ్న అడగాల్సిందే, అయితే తండ్రి నలుగురిలో గద్దిస్తే నిజం రాదు. పిల్లలను ఒంటరిగా కూర్చోబెట్టి అడగమని వైద్యుడికి చెప్పండి. మీరు గది బయట ఉండండి.

నాలుగో పని: వైద్యుడి దగ్గర మీ వంతు మాట్లాడండి

మొదట మానసిక వైద్యుడి దగ్గరికా, నరాల వైద్యుడి దగ్గరికా అని చాలామంది మథనపడతారు. పిల్లలకు పిల్లల వైద్యుడు, పెద్దవారికి జనరల్ ఫిజీషియన్ దగ్గర మొదలుపెట్టినా తప్పు లేదు. ఎవరి దగ్గర మొదలైనా ఒక మాట మాత్రం స్పష్టంగా చెప్పాలి: "ఫలానా తేదీన వైరల్ జ్వరం వచ్చింది. ఫలానా తేదీ వరకు పూర్తిగా మామూలుగా ఉంది. ఆ తర్వాత ఇన్ని రోజుల్లో ఇలా మారింది." ఈ మూడు వాక్యాలు కాగితం మీద రాసి తీసుకెళ్లండి. కంగారులో మొదటిదే మరిచిపోతాం.

మార్పు కొద్ది రోజుల్లో, కొద్ది వారాల్లో వేగంగా వచ్చి, ఇంతకుముందు ఇంట్లో, పిల్లలో అలాంటి చరిత్ర లేకపోతే, "ఇది ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్ అయ్యే అవకాశం ఉందా" అని మర్యాదగా అడగండి. రోగనిరోధక వ్యవస్థ మెదడు మీదకే తిరగబడి తెచ్చే మెదడువాపు అది. అందులో బాగా తెలిసిన రకాన్ని, మెదడు కణాల మీద ఉండే ఎన్‌ఎండీఏ రిసెప్టర్ల మీద ప్రతిరక్షకాలు దాడి చేసే జబ్బును, 2007లో జోసెప్ దాల్మౌ అనే నరాల వైద్యుడి బృందం వివరించింది. ఎక్కువగా యువతులకు, పిల్లలకు వస్తుంది. ముందు జలుబు, జ్వరం, తలనొప్పి లాంటివి కనిపిస్తాయి. ఒకటి రెండు వారాల్లో నిద్ర పోతుంది, భయం, అనుమానాలు, భ్రమలు వస్తాయి. తర్వాత మాట తగ్గిపోతుంది, నోరు నములుతున్నట్టు కదులుతుంది, ఫిట్స్ వస్తాయి, గుండె వేగం, రక్తపోటు అదుపు తప్పుతాయి. మొదటి రెండు వారాల్లో చూస్తే అచ్చం మానసిక వ్యాధి. నాలుగో వారంలో చూస్తే ఐసీయూ రోగి. 2007కు ముందు ఇలాంటి పిల్లల్లో ఎందరి జబ్బుకు పేరే దొరకకుండా పోయిందో తలచుకుంటే బాధేస్తుంది.

ఈ జబ్బులో ఎమ్మారై మామూలుగానే వచ్చే అవకాశం చాలా ఎక్కువ. కాబట్టి "స్కాన్‌లో ఏమీ లేదు" అన్న మాటతో సంతృప్తిపడి లేచి రావద్దు. మెదడు విద్యుత్ తరంగాలను చూసే ఈఈజీ పరీక్ష అవసరమా, వెన్నులోని ద్రవం తీసి ప్రతిరక్షకాల పరీక్ష చేయాలా అని అడగండి. రక్తం ఒక్కటే చూస్తే కొన్నిసార్లు జబ్బు దొరకదు. వెన్నునీరు తీయడమంటే జనం వణికిపోతారు, నడుము పడిపోతుందని ఎవరో ఒకరు చెబుతారు. సూది గుచ్చేది వెన్నుపాము ముగిసిన చోటికి కింద. తర్వాత ఒకటి రెండు రోజులు తలనొప్పి ఉండవచ్చు. చేయకుండా వదిలేయడం వల్ల వచ్చే నష్టంతో పోలిస్తే అది చాలా చిన్నది. జబ్బు ఖాయమైతే యువతులకు అండాశయాల స్కాన్ కూడా చేస్తారు, కొందరిలో అక్కడి గడ్డ ఒకటి ఈ జబ్బును రెచ్చగొడుతుంది కాబట్టి.

రోగనిరోధక వ్యవస్థ దాడిని అదుపు చేయడానికి స్టెరాయిడ్లు, ఇమ్యూనోగ్లోబ్యులిన్, ప్లాస్మా మార్పిడి, అవి చాలకపోతే రిటుక్సిమాబ్ వంటి మందులు ఇస్తారు. రెండేళ్లు గడిచేసరికి ఐదుగురిలో నలుగురు బాగా కోలుకుంటారు. రెండేళ్లన్న మాట గమనించండి. మొదటి నెలలో పెద్దగా మార్పు లేకపోతే ఆశ వదులుకోవాల్సిన అవసరం లేదు.

మానసిక లక్షణాలకు మందు వేయాల్సి వచ్చినప్పుడు, వేసిన తర్వాత ఒళ్లు కర్రలా బిగుసుకుని, జ్వరం పెరిగి, స్పృహ తగ్గితే వెంటనే చెప్పండి. ఆటోఇమ్యూన్ మెదడువాపు ఉన్నవారు కొన్ని మానసిక వ్యాధి మందులను తట్టుకోలేరు. ఆ తట్టుకోలేకపోవడమే ఒక్కోసారి అసలు జబ్బుకు తొలి ఆనవాలు అవుతుంది.

థైరాయిడ్ పరీక్ష జరిగిందో లేదో చూసుకోండి. వైరల్ జ్వరం తర్వాత థైరాయిడ్ గ్రంథి వాచి కొన్ని వారాలు హార్మోను ఎక్కువగా వదలడం ఉంది. గుండెదడ, చేతుల వణుకు, చిరాకు, నిద్రలేమి, అన్నీ ఆందోళన వ్యాధిలాగే ఉంటాయి. రక్తహీనత, బి12 లోపం కూడా చూడదగ్గవే.

ఐదో పని: ప్రమాదం లేదని తేలాక మిగిలిన బాధను చిన్నచూపు చూడకండి

ఎక్కువమంది పిల్లలు చేరేది ఇక్కడికే. మెదడువాపు లేదు, పరీక్షలన్నీ బాగున్నాయి. అయినా నిస్సత్తువ, దిగులు, ఏకాగ్రత లేకపోవడం, నిద్ర సరిగా లేకపోవడం. ఎప్‌స్టీన్-బార్ వైరస్ తెచ్చే జ్వరం వచ్చిన కౌమార వయసు పిల్లలను అనుసరించిన ఒక అధ్యయనంలో ఆరు నెలలకు 13 శాతం, ఏడాదికి 7 శాతం, రెండేళ్లకు 4 శాతం మందికి దీర్ఘకాలిక అలసట వ్యాధి ఉంది. ఆ అంకెలు రెండు విషయాలు చెబుతాయి. ఇది కల్పన కాదు. కాలం గడిచేకొద్దీ ఎక్కువమంది బయటపడతారు. అదే వైరస్ వల్ల కొందరు పిల్లలకు కొద్ది రోజులపాటు వస్తువులు మరీ చిన్నవిగానో, పెద్దవిగానో, తమ చేతులు సాగినట్టుగానో కనిపిస్తాయి. వైద్యుడికి చెప్పండి, కానీ పిచ్చి పట్టిందని బెంబేలెత్తవద్దు.

కోవిడ్ విషయంలో 2022లో వెలువడిన ఒక పెద్ద పరిశీలన, పిల్లల్లో ఆరు నెలల లోపు కుంగుబాటు, ఆందోళన ఇతర శ్వాసకోశ జబ్బుల తర్వాత కంటే పెరగలేదని, అయితే నిద్రలేమి, ఏకాగ్రత లోపం, ఫిట్స్ వంటివి పెరిగాయని చూపింది.

"ఇదంతా నీ మనసులోనే ఉంది" అనే మాట దయచేసి ఇంట్లో ఎవరూ అనకండి. ఆ మాట విన్న పిల్లలు తర్వాత అసలైన లక్షణం వచ్చినా చెప్పరు.

లేచి నిలబడినప్పుడు గుండెదడ, కళ్లు తిరగడం, వణుకు వస్తున్నాయంటే దాన్ని భయం అనుకునే ముందు ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. పది నిమిషాలు పడుకోబెట్టి నాడి లెక్కించండి. తర్వాత నిలబెట్టి రెండు, ఐదు, పది నిమిషాలకు మళ్లీ లెక్కించండి. పడిపోకుండా పక్కనే ఒకరు ఉండాలి. రక్తపోటు పడిపోకుండానే నాడి నిమిషానికి 40 లేదా అంతకు మించి పెరిగి అలాగే ఉంటే, 19 ఏళ్లు దాటినవారిలో 30 పెరిగినా, అది పాట్స్ అనే సమస్య కావచ్చు. వైరల్ జబ్బుల తర్వాత యువతలో, ముఖ్యంగా అమ్మాయిల్లో వస్తుంది. దానికి వేరే చికిత్స ఉంది. ఈ అంకెలు రాసుకొని వెళ్తే వైద్యుడికి సగం పని తగ్గుతుంది.

కాస్త శ్రమ పడిన మరుసటి రోజు మంచం దిగలేకపోతుంటే, "రోజూ కొంచెం కొంచెం పెంచు" అని తోయవద్దు. ఇలాంటి అలసటకు వ్యాయామాన్ని నిర్ణీతంగా పెంచుకుంటూ పోయే పద్ధతిని బ్రిటన్‌లో వైద్యులకు మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2021లో తన మార్గదర్శకాల నుంచి తొలగించింది. ఉన్న శక్తిలో కొంత మిగుల్చుకుంటూ రోజును ముక్కలు చేసుకోవడమే మేలు. అరగంట చదువు, అరగంట విశ్రాంతి. బాగున్న రోజున ఆ ఉత్సాహంలో రెండింతలు చేయకుండా ఆపడమే కష్టం. అక్కడే మీ సాయం కావాలి. నిద్రకు మాత్రం ఒక్క నియమం గట్టిగా పట్టుకోండి: పడుకునే వేళ ఎలా ఉన్నా లేచే వేళ మారకూడదు.

దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటి రోజూ ఉంటే మానసిక వైద్యుడికి చూపించండి. మాటలతో చేసే చికిత్స, అవసరమైతే మందులు రెండూ పనిచేస్తాయి. వైరస్ వల్ల మొదలైన కుంగుబాటు కూడా కుంగుబాటే, దానికి చికిత్స వద్దనుకోవడానికి కారణం లేదు. పాతికేళ్ల లోపు వారికి కుంగుబాటు మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో కొందరిలో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చు. ఆ వారాల్లో దగ్గరగా గమనించండి, వైద్యుడిని తరచూ కలవండి.

ఆరో పని: మాట్లాడే తీరు మార్చుకోండి

"ఎవరో నన్ను చూస్తున్నారు" అని పిల్ల అంటే "ఎవరూ లేరు, నోరు మూసుకో" అనకండి. "అవును, నాకూ కనిపిస్తోంది" అని ఒప్పుకోవడం కూడా తప్పే. "నాకు కనిపించడం లేదు, కానీ నీకు ఎంత భయంగా ఉందో అర్థమవుతోంది, నేను ఇక్కడే ఉంటాను" అనండి. గొంతు తగ్గించండి. ఒకేసారి ఐదుగురు చుట్టుముట్టవద్దు. రాత్రి చిన్న దీపం వెలగనివ్వండి.

చనిపోవాలన్న ఆలోచన ఉందేమోనని సందేహం వస్తే సూటిగా అడగండి. "ఇంత కష్టంలో కొందరికి చచ్చిపోవాలనిపిస్తుంది. నీకు అలా అనిపించిందా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని పెద్దలు భయపడతారు. అలా జరగదు. అడగడం వల్ల ముప్పు పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి. అవునంటే కోప్పడకుండా వినండి, ఒంటరిగా వదలకండి, మందులు, పురుగుమందులు, పదునైనవి ఇంట్లో అందకుండా తీసేయండి, ఆ రోజే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

ఏడో పని: తిరిగి చదువులోకి, జనంలోకి

బడికో కళాశాలకో ఒక్కసారిగా పూర్తి రోజు పంపవద్దు. మొదట సగం రోజు, లేదా వారంలో మూడు రోజులు. మెదడువాపు నుంచి బయటపడినవారికి జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షలు చేయించి, ఆ నివేదికతో పరీక్షలకు అదనపు సమయం అడగండి. ఉపాధ్యాయులకు ఎంత చెప్పాలన్నది పిల్లలతో కలిసి నిర్ణయించుకోండి. "వైరల్ జబ్బు మెదడు మీద ప్రభావం చూపింది, కోలుకుంటోంది" అన్న ఒక్క వాక్యం చాలావరకు సరిపోతుంది, అందులో అబద్ధమూ లేదు.

భవిష్యత్తు గురించి ఎవరైనా తొందరపడి ముద్ర వేయబోతే ఆగమనండి. 1918 ఫ్లూ తర్వాత మానసిక వ్యాధితో ఆసుపత్రిలో చేరిన వంద మంది గురించి అమెరికా మానసిక వైద్యుడు కార్ల్ మెనింజర్ 1919లో రాశారు. వారిలో తీవ్రమైన, మాననిదనుకున్న వ్యాధి పేరు వేసినవారిని ఐదేళ్ల తర్వాత మళ్లీ వెతికితే, చాలామంది కోలుకొని కనిపించారు. అప్పటి వైద్యులు పెట్టిన పేరు కంటే ఆ రోగుల జీవితం మెరుగ్గా నడిచింది.

ఒక కన్ను మాత్రం వేసి ఉంచాలి. ఎన్‌ఎండీఏ జబ్బు మొదటి రెండేళ్లలో సుమారు 12 శాతం మందిలో తిరగబెడుతుంది. ఇంకో అరుదైన జబ్బులో కౌమార వయసు వారు, ఎక్కువగా అబ్బాయిలు, జ్వరం తర్వాత రోజుకు 15 గంటలకు మించి రోజుల తరబడి నిద్రపోయి, మళ్లీ మామూలై, కొన్ని నెలలకు మళ్లీ అలాగే పడిపోతారు. మధ్యలో బాగున్నారు కదా అని ఎవరికీ చెప్పకుండా ఊరుకోవద్దు. ఆ నోటుపుస్తకం పారేయకండి. డిశ్చార్జి కాగితాలు, ఎమ్మారై సీడీ, ప్రతిరక్షకాల నివేదిక దానితోనే కట్టిపెట్టండి. నిద్ర మళ్లీ చెడినా, మాట మళ్లీ తగ్గినా, మొదటిసారి ఏ రోజు ఎలా మొదలైందో ఆ పేజీ తీసి చూడండి. పోలిక కనిపిస్తే ఆ కట్టతోనే, ఆ రోజే బయలుదేరండి.